టైమింగ్ కొలతలకి మిక్సర్ ఎంచుకోవడం: డేటాషీటులో ఏ లైను చూడాలి, ఏది వదిలేయాలి

మీ దగ్గర రెండు 10 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్ఓలు (చిన్న ఓవెన్‌లో వేడి స్థిరంగా ఉంచే క్వార్ట్జ్ ఓసిలేటర్లు) ఉన్నాయి, వాటిలో ఏది నిలకడగా నడుస్తోందో తేల్చాలి అనుకుందాం. మంచి ఓసీఎక్స్ఓ అయితే ఒక సెకను వ్యవధిలో దాని ఊగిసలాట 1×10⁻¹² దగ్గర ఉంటుంది, అంటే సెకనుకి ఒక పికోసెకను. ఇప్పుడు సమయం తేడా కొలిచే కౌంటర్ల సంగతి చూడండి. పాత సామాన్లలో దొరికే హెచ్‌పీ 5370బీ ఒక్క కొలతలో 20 పికోసెకన్ల వరకే చూడగలదు, ఎస్ఆర్620 అయితే 25, హెచ్‌పీ 53132ఏ అయితే 150. ఒక్క పికోసెకను తేడాని వీటితో నేరుగా చూడబోతే తెర మీద కనబడేదంతా కౌంటర్ సొంత నాయిసే. అందుకే మిక్సర్ కావాలి, అంటే రెండు సిగ్నళ్లని కలిపి వాటి ఫ్రీక్వెన్సీ తేడాని బయటికిచ్చే భాగం. ఏ మిక్సర్ అనే దగ్గరే చాలామంది రేడియో అలవాటుతో కొనేసి తర్వాత టెన్షన్ పడుతుంటారు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. మాది నెల్లూరు పక్కన ఇందుకూరుపేట వైపు, నా బెంచ్ మేడ మీద గదిలో ఉంటుంది, ఇక్కడ నేను చెప్పే ఇబ్బందులన్నీ ఆ గదిలో ఎదురైనవే.

ముందు పద్ధతి. తంబూరా శ్రుతి చేసేవాళ్లని గమనిస్తే తెలుస్తుంది, రెండు తీగలు దాదాపు కలిసినప్పుడు శబ్దం మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది, ఆ ఊపుని బట్టే ఇంకెంత తేడా ఉందో పట్టేస్తారు. మిక్సర్ చేసేదీ అదే. 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని, దానికన్నా 10 హెర్ట్జ్ తక్కువున్న ఇంకో సిగ్నల్‌తో కలిపితే 10 హెర్ట్జ్ ఊపు, అంటే బీట్, వస్తుంది. అసలు సిగ్నల్లో ఒక పికోసెకను జరిగితే బీట్‌లో ఒక మైక్రోసెకను జరుగుతుంది, అంటే పదిలక్షల రెట్లు పెద్దదిగా కనబడుతుంది. మైక్రోసెకన్లు కొలవడం చిన్న మైక్రోకంట్రోలర్ కూడా చేస్తుంది. రెండు ఓసిలేటర్లకీ రెండు మిక్సర్లు పెట్టి, ఆ 10 హెర్ట్జ్ తక్కువున్నదాన్ని, అంటే ఆఫ్‌సెట్ ఓసిలేటర్‌ని, మధ్యలో ఒకటే పెట్టి రెండు మిక్సర్లకీ పంచితే ఆ మధ్యది తెచ్చే నాయిస్ చాలావరకు కొట్టుకుపోతుంది. దీన్ని డ్యుయల్ మిక్సర్ పద్ధతి అంటారు, 1975లో డేవిడ్ అలన్ వాళ్లు అమెరికా బౌల్డర్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థలో దీన్ని పికోసెకన్ల స్థాయికి తీసుకొచ్చారు. ఈరోజుకీ ఇంట్లో కూర్చుని ఆ స్థాయికి చేరడానికి ఇంతకంటే చవకైన దారి నాకు కనబడలేదు.

ఇక ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, మిగతా నిర్ణయాలన్నీ దీంతోనే తేలిపోతాయి. మిక్సర్ నుంచి వచ్చే బీట్ ఎత్తు 0.4 వోల్టులు అనుకోండి. 10 మెగాహెర్ట్జ్ దగ్గర 0.4ని 2π×10⁷తో గుణిస్తే సెకనుకి సుమారు 2.5 కోట్ల వోల్టులు. అంటే మిక్సర్ అవుట్‌పుట్‌లో 25 మైక్రోవోల్టుల తప్పు వస్తే అది ఒక పికోసెకను తప్పు. ఒక మిల్లీవోల్టు అయితే 40 పికోసెకన్లు. బీట్ 10 హెర్ట్జ్ పెట్టినా 100 పెట్టినా ఈ లెక్క మారదు, ఎందుకంటే బీట్ నెమ్మదించిన కొద్దీ సున్నా దాటే చోట దాని వాలు (వోల్టేజీ మారే వేగం) తగ్గుతుంది, అంతే మేరకు తేడాని పెద్దది చేసి చూపే రెట్లు పెరుగుతాయి. వచ్చే ప్రతి తేడానీ, కరెంటు లైన్ల హమ్ కానీ, వేడి కానీ, లీకు కానీ, మైక్రోవోల్టుల్లోకి మార్చి 25తో భాగించి చూడండి, ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో వెంటనే తెలిసిపోతుంది.

ఈ కళ్లతో డేటాషీటు తెరవండి. రేడియో చేసేవాళ్లు మొదట చూసేవి కన్వర్షన్ లాస్, థర్డ్ ఆర్డర్ ఇంటర్‌సెప్ట్. మనకి ఆ రెండూ దాదాపు అక్కర్లేదు, మన సిగ్నల్ బలంగానే ఉంటుంది, పక్క స్టేషన్ గోల లేదు. మనం చూడాల్సినవి వేరే ఉన్నాయి, వాటిలో కొన్ని డేటాషీటులో చిన్న అక్షరాల్లో ఉంటాయి, కొన్ని అసలు ఉండవు.

మిక్సర్‌కి మూడు పోర్ట్‌లుంటాయి: కొలిచే సిగ్నల్ వెళ్లేది ఆర్ఎఫ్, ఆఫ్‌సెట్ ఓసిలేటర్ సిగ్నల్ వెళ్లేది ఎల్ఓ, బీట్ బయటికొచ్చేది ఐఎఫ్. మొదటిది, ఆ ఐఎఫ్ పోర్ట్ డీసీ దాకా, అంటే సున్నా హెర్ట్జ్ దాకా, పనిచేయాలి. 10 హెర్ట్జ్ బీట్ అంటే దాదాపు డీసీయే కదా. నాలుగు షాట్కీ డయోడ్ల రింగు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉండే డబుల్ బ్యాలెన్స్‌డ్ మిక్సర్లలో ఎక్కువ వాటికి ఐఎఫ్ డీసీ నుంచే మొదలవుతుంది, కానీ అన్నింటికీ కాదు, ఐఎఫ్ దగ్గర కూడా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన రకాలు ఉన్నాయి, వాటిని కొంటే బీట్ బయటికే రాదు. మినీ సర్క్యూట్స్ ఎస్‌బీఎల్-1, ఎస్ఆర్ఏ-1, ఉపరితలం మీద అతికించే ఏడీఈ-1, ఇవన్నీ డీసీ ఐఎఫ్ ఉన్నవే, 10 మెగాహెర్ట్జ్ పనికి నిశ్చింతగా వాడొచ్చు. ఎస్‌బీఎల్-1 వాడితే ఐఎఫ్ కాళ్లు 3, 4 రెండూ బయట కలపాలి, అది మర్చిపోయి మిక్సర్ పాడైందని పక్కన పడేసినవాళ్లని చూశాను.

రెండోది, మీ ఫ్రీక్వెన్సీ ఆ మిక్సర్ పరిధి అంచున ఉండకూడదు. 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటే 10 కూడా లోపలే ఉందిగా అనిపిస్తుంది. రేడియోకి సరిపోతుంది. మన పనికి మాత్రం వద్దు. కింది అంచు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్ చాలీచాలకుండా ఉంటుంది, ఫెర్రైట్ గుణం వేడికి మారుతుంది, దాంతో సిగ్నల్ ఫేజ్ (సైకిల్లో అది ఎక్కడుందో ఆ స్థానం) కూడా వేడితో జరుగుతుంది, మనం కొలిచేదే ఫేజ్. ఎస్‌బీఎల్-1 ఒక మెగాహెర్ట్జ్ నుంచి, ఎస్ఆర్ఏ-1 అర మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి కాబట్టి 10 దగ్గర ఫరవాలేదు. 5 మెగాహెర్ట్జ్ ఓసిలేటర్లు కొలిచేవాళ్లు 0.025 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే ఎస్ఆర్ఏ-3, ఎస్‌బీఎల్-3 లాంటివి చూసుకోవడం మేలు.

మూడోది ఎల్ఓ లెవెల్. లెవెల్ 7 అంటే ఎల్ఓ పోర్ట్‌కి +7 డీబీఎం కావాలి, అంటే 5 మిల్లీవాట్లు, 50 ఓమ్ల మీద స్కోప్‌లో 1.4 వోల్టుల పీక్ టు పీక్. లెవెల్ 13కి 2.8 వోల్టులు, లెవెల్ 17కి 50 మిల్లీవాట్లు. లెవెల్ పెరిగితే డయోడ్లు ఎక్కువ, అవుట్‌పుట్ ఎక్కువ, వాలు నిటారు, అందుకని పెద్దది కొందాం అనిపిస్తుంది. కానీ రెండు మిక్సర్లకీ 17 డీబీఎం ఇవ్వాలంటే మధ్యలో పవర్ యాంప్లిఫయర్ పెట్టాలి, అది వేడెక్కుతుంది, దాని ఫేజ్ వేడితో పాకుతుంది, ఇవన్నీ కలిపితే మిక్సర్‌లో సంపాదించింది అక్కడ పోగొట్టుకున్నట్టే. ఇంట్లో మొదటిసారి కట్టేవాళ్లకి లెవెల్ 7 చాలు అనేది నా అభిప్రాయం. అయితే తక్కువ మాత్రం ఇవ్వొద్దు. ఎల్ఓ బలం చాలకపోతే డయోడ్లు పూర్తిగా తెరుచుకోవు, మూసుకోవు, ఆ సందిగ్ధంలోనే నాయిస్ పుడుతుంది, ఎల్ఓ ఎత్తు కొంచెం మారినా అవుట్‌పుట్ మారుతుంది. నేను 10 డీబీఎం తయారుచేసి 3 డీబీ తగ్గించే రెసిస్టర్ల ప్యాడ్ గుండా పంపుతాను, ఆ ప్యాడ్ వల్ల రెండు వైపులా 50 ఓమ్లు కూడా కుదురుతాయి. ఆర్ఎఫ్ వైపు రేడియోలో లాగా సున్నితంగా ఇవ్వక్కర్లేదు, +3 నుంచి +7 దాకా ఇచ్చి మిక్సర్‌ని నిండుగా నడిపితే బీట్ సైన్ ఆకారం నుంచి త్రిభుజం వైపు మారుతుంది, సున్నా దాటే చోట వాలు పెరుగుతుంది. డేటాషీటులో గరిష్ఠ పవర్ చూసుకోండి, ఎస్‌బీఎల్-1కి అది 50 మిల్లీవాట్లు.

ఫేజ్ డిటెక్టర్లు అనే పేరుతోనే అమ్మే మిక్సర్లు కూడా ఉన్నాయి, ఆర్పీడీ-1 లాంటివి. 1 నుంచి 100 మెగాహెర్ట్జ్ దాకా, రెండు పోర్ట్‌లకీ +7 డీబీఎం, ఐఎఫ్ మీద 500 ఓమ్ల లోడు పెట్టడానికి తయారైనవి, ఒక వోల్టు దాకా అవుట్‌పుట్ ఇస్తాయి, డీసీ ఆఫ్‌సెట్ కూడా తక్కువ. డబ్బు పెట్టగలిగితే కళ్లు మూసుకుని ఇవే తీసుకోండి. అవుట్‌పుట్ రెట్టింపు అయితే మన 25 మైక్రోవోల్టుల లెక్క 50 అవుతుంది, అంటే వెనకాల వచ్చే ప్రతి తప్పూ సగమవుతుంది.

ఏవి వద్దో కూడా చెప్పాలి. ఎన్ఈ602, ఎస్ఏ612, ఎంసీ1496 లాంటి ట్రాన్సిస్టర్ గిల్బర్ట్ సెల్ చిప్పులు రిసీవర్లకి బాగుంటాయి, లాభం కూడా ఇస్తాయి, కానీ వాటి అవుట్‌పుట్ డీసీ బయాస్ మీద కూర్చుని ఉంటుంది, ఆ బయాస్ సప్లైతోనూ వేడితోనూ జరుగుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ట్రాన్సిస్టర్ ఫ్లికర్ నాయిస్ కూడా దానికి తోడవుతుంది. మన బీట్ ఉండేది సరిగ్గా ఆ ఫ్లికర్ గుంటలోనే. అలాగే గిగాహెర్ట్జ్‌లకి చేసిన మైక్రోవేవ్ మిక్సర్లు ఖరీదైనవి కదా మంచివేమో అనుకోవద్దు. ఒక హెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ మిక్సర్ల ఫ్లికర్ సాధారణంగా మైనస్ 120 డీబీ రేడియన్ చదరం దగ్గర ఉంటే, ఆర్ఎఫ్ మిక్సర్లలో మంచివి మైనస్ 140 దాకా వెళ్తాయి. మైనస్ 140 అంటే 10 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 1.6 ఫెమ్టోసెకన్లు. చూశారా, మామూలు సిలికాన్ షాట్కీ మిక్సర్ సొంత నాయిస్ మన అవసరానికి వందల రెట్లు కింద ఉంది. మరి కొలత ఎక్కడ చెడుతోంది? లీకుల్లో, డీసీ ఆఫ్‌సెట్‌లో, వేడిలో, హమ్‌లో. మిక్సర్‌ని ఎంచుకునేటప్పుడు ఈ నాలుగింటినీ తట్టుకునేదాన్ని వెతకాలి.

లీకు గురించి కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే డేటాషీటులో ఉండి కూడా ఎవరూ చూడని లైను ఇదే. ఎల్ఓ నుంచి ఆర్ఎఫ్‌కి ఐసోలేషన్, అంటే ఒక పోర్ట్ సిగ్నల్ ఇంకో పోర్ట్‌కి కారకుండా ఎంత ఆగుతుందో. మొదటి ఓసిలేటర్ సిగ్నల్ దాని మిక్సర్‌లోంచి వెనక్కి ఎల్ఓ పోర్ట్‌కి కారుతుంది, అక్కడినుంచి, ఎల్ఓని రెండు మిక్సర్లకీ పంచే స్ప్లిటర్ దాటి, రెండో మిక్సర్ ఎల్ఓ పోర్ట్‌కి చేరుతుంది. మిక్సర్‌లో 40 డీబీ, స్ప్లిటర్‌లో 25 డీబీ ఆగిందనుకోండి, మొత్తం 65. బాగానే ఉందిగా అనిపిస్తుంది. కానీ ఆ కారిన సిగ్నలూ రెండో ఓసిలేటర్ సిగ్నలూ రెండూ 10 మెగాహెర్ట్జ్‌వే కాబట్టి కలిసి డీసీ పుట్టిస్తాయి, 65 డీబీ అంటే ఆ డీసీ 0.2 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు, మన లెక్కలో 9 పికోసెకన్లు. పైగా అది స్థిరంగా ఉండదు, రెండు ఓసిలేటర్ల ఫేజ్ మెల్లగా జరిగే కొద్దీ అలలాగా పైకీ కిందకీ పోతుంది, చూసేవాడికి ఓసిలేటరే ఊగుతున్నట్టు ఉంటుంది. కాబట్టి 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఐసోలేషన్ ఎక్కువున్న మిక్సర్ తీసుకోండి, అది చాలదు కాబట్టి స్ప్లిటర్‌కీ మిక్సర్‌కీ మధ్య ఒక్కో దారిలో వెనక్కి కారనివ్వని యాంప్లిఫయర్ పెట్టండి, కామన్ బేస్ ట్రాన్సిస్టర్ స్టేజీ ఒకటి పెట్టినా చాలా తేడా వస్తుంది. మొత్తం 100 డీబీకి తీసుకుపోతే తప్పు 0.16 పికోసెకన్లకి దిగుతుంది.

ఇక డీసీ ఆఫ్‌సెట్ సంగతి. ఆర్ఎఫ్ పోర్ట్ మీద 50 ఓమ్లు మాత్రమే పెట్టి ఎల్ఓ ఇచ్చినా ఐఎఫ్ మీద కొంచెం డీసీ వస్తుంది, నాలుగు డయోడ్లు అచ్చంగా ఒకేలా ఉండవు కదా. ఆ డీసీ ఎంతున్నా కదలకుండా ఉంటే ఇబ్బంది లేదు, అది కొలతలో స్థిరంగా కలిసి ఉండిపోతుంది. వేడికి డిగ్రీకి 10 మైక్రోవోల్టులు కదిలితే మాత్రం డిగ్రీకి 0.4 పికోసెకన్లు కదిలినట్టు. అందుకే మిక్సర్‌ని ఒక్కటిగా కాకుండా జతగా కొనండి. ఒకే బ్యాచ్‌వి నాలుగు తెచ్చుకుని, నాలుగింటికీ ఈ ఆఫ్‌సెట్ చూసి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు ఏరుకుని, రెండింటినీ ఒకే అల్యూమినియం దిమ్మకి బిగించండి. రెండూ ఒకే వేడిలో ఒకే తీరున కదిలితే తేడాలో అది చాలావరకు పోతుంది.

పరీక్ష ఇలా చేస్తాను. మిక్సర్‌ని చిన్న రాగి బోర్డు మీద నిలబెట్టి, ఎల్ఓకి +7 డీబీఎం, ఆర్ఎఫ్‌కి 50 ఓమ్ల టెర్మినేటర్, ఐఎఫ్ నుంచి 10 కిలో ఓమ్లు, ఒక మైక్రోఫారడ్ ఫిల్టర్ గుండా మల్టీమీటర్ మిల్లీవోల్ట్ రేంజ్‌లోకి. పది నిమిషాలు వదిలేసి అంకె రాసుకుంటాను. తర్వాత మిక్సర్ డబ్బా మీద వేలు ఆనిస్తాను, అంతే, నొక్కను. ఒంటి వేడికి అంకె నెమ్మదిగా కదలడం మొదలవుతుంది, కొన్ని మిక్సర్లలో 20, 30 మైక్రోవోల్టులు కదిలి ఆగుతుంది, కొన్నింట్లో 200 దాటి పోతూనే ఉంటుంది. వేలు తీసేస్తే వెనక్కి రావాలి. రాకుండా కొత్త చోట ఆగిపోయే మిక్సర్‌ని తీసి పక్కన పెట్టేస్తాను, అది లోపల ఎక్కడో దెబ్బతిన్నదే. పాత ముల్లు మల్టీమీటర్‌తో ఓమ్స్ ఒకటో రేంజ్‌లో డయోడ్లు చెక్ చేయకండి, ఆ రేంజ్‌లో మీటరు చాలా కరెంటు పంపుతుంది, ఐఎఫ్ పోర్ట్ తట్టుకునేది 40 మిల్లీయాంపులే.

కొనడం విషయానికొస్తే, నెల్లూరు నుంచి మనకి దగ్గర మార్కెట్ చెన్నై రిచీ స్ట్రీటే, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఒంగోలు, కందుకూరు వైపు వాళ్లు కూడా ఎక్కువమంది అక్కడికే పోతారు. పాత కమ్యూనికేషన్ బోర్డులు కిలోల లెక్కన దొరికితే వాటి మీద ఎస్‌బీఎల్, ఎస్ఆర్ఏ డబ్బాలు కనబడుతుంటాయి, ఊడదీసేటప్పుడు ఒక్కో కాలు విడిగా టంకం పీల్చేసి తీయాలి, హాట్ ఎయిర్‌తో డబ్బా మొత్తం కాల్చితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అతుకులు వదిలేస్తాయి. ఆన్‌లైన్‌లో మరీ చవకగా వచ్చేవాటిని పై పరీక్ష చేయకుండా నమ్మొద్దు. నాకు ఒక అమ్మకందారు దగ్గర్నుంచి కొత్తవని వచ్చిన ఆరింటిలో రెండింటి కాళ్ల మీద పాత టంకం మరకలున్నాయి, వేలి పరీక్షలో అవే రెండూ ఫెయిల్ అయ్యాయి.

మిక్సర్ ఎంత మంచిదైనా ఐఎఫ్ తర్వాత ఏం తగిలించారో దాన్నిబట్టే పనిచేస్తుంది, కాబట్టి ఇది కూడా ఎంపికలో భాగమే అనుకోండి. ఐఎఫ్ నుంచి 10 హెర్ట్జ్ బీట్‌తో పాటు, రెండు ఫ్రీక్వెన్సీలూ కూడితే వచ్చే 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్ కూడా వస్తుంది. దానికి దారి చూపించకపోతే వెనక్కి మిక్సర్‌లోకే పోయి ఆఫ్‌సెట్‌ని చెడగొడుతుంది. 47 ఓమ్ల రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి ఐఎఫ్ నుంచి గ్రౌండ్‌కి వేయండి, 20 మెగాహెర్ట్జ్‌కి అది 50 ఓమ్లలా కనబడుతుంది, 10 హెర్ట్జ్‌కి అసలు లేనట్టే. తర్వాత ఒక 10 మైక్రోహెన్రీ కాయిల్, దాని వెనక కిలో ఓమ్ స్థాయి లోడు. బీట్‌కి కూడా 50 ఓమ్లు వేస్తే వోల్టేజీ దాదాపు సగం పోతుంది, అంటే చేతికొచ్చిన వాలుని పారేసుకున్నట్టు. ఆ కెపాసిటర్ సీ0జీ రకమే కావాలి, ఎక్స్7ఆర్ వేస్తే బల్ల మీద గ్లాసు పెట్టినా అది మైక్రోఫోన్‌లాగా వోల్టేజీ పుట్టిస్తుంది. ఫిల్టర్‌లో పెద్ద కెపాసిటర్లకి ఫిల్మ్ రకం వేసి రెండు ఛానళ్లలోనూ ఒకే విలువ వచ్చేలా మీటరు మీద ఏరుకోండి.

బీట్‌ని నేరుగా కంపారేటర్‌కి (వోల్టేజీ సున్నా దాటగానే అవుట్‌పుట్ మార్చే చిప్) ఇవ్వొద్దు. సెకనుకి 25 వోల్టుల వాలు అంటే కంపారేటర్‌కి పాకుతున్నట్టు లెక్క, సున్నా దగ్గర పదిసార్లు తెగి తెగి మారుతుంది. ఓపీ27 లాంటి నాయిస్ తక్కువున్న ఆప్ ఆంప్‌తో మొదట తక్కువ బ్యాండ్‌విడ్త్‌లో పెంచి, డయోడ్లతో కత్తిరించి, మళ్లీ ఇంకొంచెం ఎక్కువ బ్యాండ్‌విడ్త్‌లో పెంచి, అలా రెండు మూడు మెట్లలో అంచుని నిటారు చేసి ఆఖర్న కంపారేటర్‌కి ఇవ్వాలి.

ఇప్పుడు హమ్ గురించి, ఇది నన్ను దాదాపు నెల రోజులు తిప్పలు పెట్టింది. మా ఇంటి వెనక రొయ్యల గుంటలున్నాయి. రాత్రయితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఏరేటర్లు తిప్పుతారు. పగలు బాగుండే నా కొలత చీకటి పడ్డాక ఇరవై సెకన్లకో నిమిషానికో ఒకసారి పైకీ కిందకీ ఊగేది, రెండు మూడు పికోసెకన్ల ఎత్తు. ఓసీఎక్స్ఓ పాడైందనుకుని మార్చాను, మిక్సర్లు మార్చాను, ఏమీ మారలేదు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి గ్రాఫు చూస్తుంటే కళ్లముందే ఊగడం ఆగిపోయింది, అదే నిమిషంలో బయట మోటార్ల చప్పుడు కూడా ఆగింది. గుంట కాపలా పెద్దాయన్ని అడిగితే, "మోటార్లు ఇప్పుడే ఆపినా అబ్బయా, ఏం, నిద్ర పట్టలేదా?" అన్నాడు. అప్పుడు లెక్క వేస్తే అర్థమైంది. 10 హెర్ట్జ్ బీట్ అంటే సెకనుకి పదిసార్లు చూస్తున్నట్టు, 50 హెర్ట్జ్ కరెంటు దానికి సరిగ్గా ఐదు రెట్లు. గ్రిడ్ 49.95 దగ్గర ఉంటే ఆ 0.05 హెర్ట్జ్ తేడా మాత్రమే నాకు కనబడుతుంది, అంటే 20 సెకన్ల అల. హమ్ హమ్‌లా కనబడకుండా ఓసిలేటర్ డ్రిఫ్ట్ వేషం వేసుకుని వస్తుంది. ఆఫ్‌సెట్ ఓసిలేటర్‌ని జరిపి బీట్‌ని 7 హెర్ట్జ్‌కి మార్చాను, 50లో 7 ఏడుసార్లు పోగా ఒకటి మిగులుతుంది కాబట్టి ఇప్పుడు హమ్ ఒక సెకను అలగా వచ్చి సగటులో కరిగిపోతోంది, 100, 150 కూడా అలాగే. ఆ తర్వాత మిక్సర్ పెట్టెకి ట్రాన్స్‌ఫార్మర్లతో ఇన్‌పుట్లు విడదీసి గ్రౌండ్ లూపు తెంపాను. ఇన్‌పుట్ దగ్గర ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మొదటిరోజే పెట్టి ఉంటే ఆ నెల మిగిలేది. మన దేశంలో కొలిచేవాళ్లు ఎవరైనా సరే, 10, 5, 25 హెర్ట్జ్ బీట్లు వదిలేయండి.

ఆఫ్‌సెట్ ఓసిలేటర్‌కి డీడీఎస్ మాడ్యూల్ (అడిగిన ఫ్రీక్వెన్సీని డిజిటల్‌గా తయారుచేసే బోర్డు) వాడుకోవచ్చు, చాలా ఓసీఎక్స్ఓలని అంత కిందకి లాగలేం. డీడీఎస్ నాయిస్ రెండు ఛానళ్లలోనూ కొట్టుకుపోవాలంటే రెండు బీట్లూ ఇంచుమించు ఒకే సమయంలో సున్నా దాటాలి, ఒకటి ముందు ఒకటి వెనక అయితే కొట్టుకుపోదు. ఒక ఛానల్లో ఐదు మీటర్ల ఆర్జీ-58 కేబుల్ కలిపితే 25 నానోసెకన్లు, అంటే పావు సైకిల్ జరుగుతుంది, అలా దగ్గరికి తెచ్చుకోండి.

వేడి విషయంలో మన ఊళ్లకి తగ్గట్టు రెండు మాటలు. టెఫ్లాన్ కేబుళ్లు, ఆర్జీ-316 లాంటివి, 19 డిగ్రీల దగ్గర వాటి ప్లాస్టిక్ నిర్మాణం మారడం వల్ల ఫేజ్‌లో ఒక మెలిక తిరుగుతాయి. నెల్లూరు ఎండలో 19 ఎక్కడిది అనుకుంటాం, కానీ ఏసీ 18లో పెట్టి పక్కనే కూర్చుంటే ప్రతి కంప్రెసర్ ఆన్ ఆఫ్‌కీ ఆ మెలిక మీదుగానే పోతుంటాం. 26లో పెట్టండి. ఫ్యాన్ గాలి నేరుగా బోర్డు మీద పడకూడదు, టంకం అతుకుల దగ్గర వేడి తేడాకే మైక్రోవోల్టులు పుడతాయి. నా పెట్టె చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క మీద కూర్చుని ఉంటుంది, కటింగ్‌లో మిగిలిన పలక, రెండంగుళాల మందం, దాని పైన థర్మోకోల్ పెట్టె బోర్లించాను. గ్రానైట్ నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి ఏసీ ఊగిసలాట మిక్సర్ల దాకా చేరేసరికి చాలా మెత్తబడిపోతుంది.

2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 అనే నావిగేషన్ ఉపగ్రహం పోతుంటే మేడ మీద నిలబడి పొగ గీత చూశాం. అందులో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం ఉంది. గడియారం ఒక నానోసెకను తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది, కాబట్టి ఎగరకముందు అలాంటి గడియారాల్ని ఎక్కడో ఒకచోట ఇంతకన్నా జాగ్రత్తగా కొలిచి ఉంటారు. మా గదిలో మిక్సర్ల జతతో చేసే పని ఆ కొలతలకి చుట్టమే అని నాకు ఆరోజు గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్నీ బిగించాక అసలు ఓసిలేటర్లు తగిలించే ముందు ఒక రాత్రంతా ఈ పరీక్ష చేయండి. ఒకే ఓసిలేటర్‌ని స్ప్లిటర్‌తో రెండు ఛానళ్లకీ ఇచ్చి వచ్చే తేడాకి అలన్ డీవియేషన్ (ఎంత వ్యవధిలో ఎంత ఊగిసలాటో చూపే గీత) గీయండి. రెండు వైపులా అదే సిగ్నల్ కాబట్టి వచ్చేదంతా మీ పెట్టె సొంత నాయిస్. నా దానిలో ఒక సెకనుకి 2×10⁻¹³ వస్తోంది, అక్కడినుంచి వ్యవధి పదిరెట్లయితే విలువ పదోవంతుకి దిగుతూ పోతోంది. మీ గీత కూడా మొదట్లో అలా దిగి, కొన్ని వందల సెకన్ల దగ్గర గూనిలాగా లేస్తే అది ఏసీ ఆన్ ఆఫ్ అవుతున్న సమయమే. ఆ గూని కాకుండా ఇంకేదైనా పాకుడు కనబడితే పెట్టె తెరిచి రెండు మిక్సర్లనీ ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి మళ్లీ ఒక రాత్రి నడపండి. పాకుడు దిశ తిరగబడితే తప్పు మిక్సర్‌ది, పక్కన దాచుకున్న మిగతా రెండింటిలో ఒకటి వేయండి. తిరగబడకపోతే మిక్సర్ల జోలికి పోకుండా ఆ ఛానల్ ఫిల్టర్ కెపాసిటర్లనీ ఆప్ ఆంప్‌నీ చూడండి.